ఐదు నలభైకి పెట్టిన సంతకం

ఫోన్ మోగేసరికి హెలెన్ మామగారి ప్లేట్లో రెండో గారె వేస్తోంది.

ఈస్టరు ఉదయం. ఏడు కావస్తోంది. నిడదవోలు సమాధుల తోటలో సూర్యోదయ ఆరాధన ముగించుకుని ఇంటిల్లిపాదీ అప్పుడే వచ్చి కూర్చున్నారు. అందరి ఒంటి మీదా తెల్లబట్టలే. అత్తగారు పాపాయమ్మ పోయాక వచ్చిన మొదటి ఈస్టరు ఇది. పెద్దకొడుకుగా జయపాల్ తల్లి సమాధి పక్కన నిలబడి బైబిలు పాఠం చదివాడు. మామగారు యెహెజ్కేలు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. అది చూసి హెలెన్ మనసు నిండిపోయింది... వారం రోజులు పోరి పోరి భర్తను అక్కడికి రప్పించింది తనే మరి!

"ఏంటి బుల్లియ్యా, పండగపూట..." అంటూ నవ్వుతూనే ఫోన్ ఎత్తాడు జయపాల్. అవతలి మాట వింటూ వింటూనే లేచి నిలబడ్డాడు.

"బుల్లియ్యా... షీట్ ఎక్కడుంది? చెక్ షీట్ ఎక్కడుంది?"

అదీ ఆ కబురు విన్నాక అతని నోటి నుంచి వచ్చిన మొదటి మాట! ఆ తర్వాతే "విష్ణుగారు...?" అని అడిగాడు. జవాబు విని కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమైందిరా?" అన్నారు యెహెజ్కేలు కంగారుగా.

"విమానం పడిపోయింది నాన్నా... లేస్తూ లేస్తూనే ఇంజిన్ ఆగిపోయిందట. కాలిపోయింది... ముగ్గురూ పోయారు."

"అయ్యో ప్రభువా!" అంటూ జయపాల్ చెల్లెలు ప్రిస్కిల్లా పరుగున వచ్చి అన్న భుజం పట్టుకుంది. "నువ్వక్కడ లేకపోవడం ఎంత మంచిదైంది అన్నయ్యా! దేవుడే నిన్ను కాపాడాడు!"

జయపాల్ చెల్లెలి వైపు చూసిన చూపు హెలెన్ మాత్రమే గమనించింది. ప్రాణం దక్కిన మనిషి చూపు కాదది.

* * *

జయపాల్ పనిచేసేది భీమవరంలోని ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో. ఆ కంపెనీకి కొవ్వూరు ఇవతల చిన్న సొంత రన్‌వే, ఒక రేకుల షెడ్డు, ఒకే ఇంజిన్ ఉన్న ఆరు సీట్ల విమానం ఉన్నాయి. రొయ్యలు కొనేవాళ్లను తీసుకురావడానికీ, తిరిగి దింపడానికీ దాన్ని వాడతారు. విమానం బాగోగులు చూసే ఇంజనీరు జయపాల్. నడిపే పైలట్ విష్ణు. షెడ్డుకి కాపలా బుల్లియ్య. అక్కడుండేది ఈ ముగ్గురే.

విష్ణు కోనసీమ బ్రాహ్మల అబ్బాయి. భార్య ఫణిశ్రీతో, తొమ్మిదేళ్ల కూతురు దుర్గాశ్రీతో రాజమండ్రిలో కాపురం. నెలకోసారైనా హెలెన్ ఇంటికి వచ్చేవాడు. "మీ చేపల పులుసు వాసన చాలు వదినగారూ, పెరుగన్నం రెండు ముద్దలు ఎక్కువ తింటాను. మా అమ్మకి మాత్రం చెప్పకండి!" అని నవ్వించేవాడు. ఆ మనిషి ఇక లేడు! ఆయనతో పాటు కంపెనీకి వచ్చిన ఇద్దరు కొనుగోలుదార్లూ లేరు!

రన్‌వే దగ్గరికి వెళ్లిన జయపాల్ మధ్యాహ్నం తిరిగొచ్చాడు. నేరుగా పెరట్లోకి వెళ్లి నూతి గట్టు మీద కూర్చున్నాడు. హెలెన్ మంచినీళ్లు తీసుకెళ్లింది. అతను తాగలేదు.

"ఏవండీ... నా కళ్లలోకి చూసి చెప్పండి. అంత ఘోరం వినగానే ముందు షీట్ ఎందుకు అడిగారు?"

అతను తల దించుకునే చెప్పాడు.

"విమానం ఎగిరే రోజు ఉదయం ట్యాంకు అడుగు నుంచి గాజు సీసాలోకి కొంచెం పెట్రోలు తీసి చూడాలి హెలెన్. నీళ్లుంటే అడుగున విడిగా చేరి కనిపిస్తాయి. ఆ నీళ్లు ఇంజిన్లోకి వెళ్లాయంటే లేచేటప్పుడే ఆగిపోతుంది. నేను చూసి షీట్ మీద సంతకం పెడతాను. ఆ సంతకం చూసుకుని విష్ణుగారు ఎక్కుతారు."

"మీరు చూశారు కదా?"

"చూశాను... శనివారం సాయంత్రం చూశాను. అద్దంలా ఉంది. ఆదివారం తెల్లవారుజామున సమాధుల తోటకి రాక తప్పదన్నావు కదా... ఎలాగూ ఇప్పుడే చూశాను కదా అనుకుని, మర్నాటి తేదీ వేసి, ఉదయం ఐదు నలభై అని రాసి, సంతకం పెట్టేసి ఇంటికొచ్చేశాను."

హెలెన్ గ్లాసు నూతి గట్టు మీద పెట్టేసింది. "రాత్రి వర్షం పడింది కదండీ!"

"విమానం బయటే ఉంది. ట్యాంకు మూతకి రబ్బరు పాతబడింది. కొత్తది తెప్పించమని రెండుసార్లు రాశాను..." జయపాల్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "ఉదయం చూసుంటే తెలిసేది హెలెన్! ఒక్క నిమిషం పని... ఒక్క నిమిషం!"

ఆ వర్షం చప్పుడుకి హెలెన్‌కీ మెలకువ వచ్చింది. అయ్యో, అత్తగారి సమాధికి నిన్ననే వేయించిన సున్నం కారిపోతుందేమో అని మాత్రమే అనుకుని అటు తిరిగి పడుకుంది. పక్కనే భర్త కళ్లు తెరిచి ఉన్నాడో, మూసుకుని ఉన్నాడో చూడలేదు. వాన చప్పుడు మీరూ విన్నారా అని ఇప్పుడు అడగాలనిపించింది. అడగలేకపోయింది!

* * *

మర్నాడు మధ్యాహ్నం కంపెనీ మేనేజరు రాజ్ కుమార్ కారు దిగాడు. చేతిలో పండ్ల బుట్ట, ముఖంలో ఎక్కడా విచారం లేదు.

"మీరేం భయపడకండి జయపాల్ గారూ. షీట్ నా దగ్గర భద్రంగా ఉంది. ఐదు నలభై, మీ సంతకం, అంతా సక్రమం. విమానం బూడిదైంది. ట్యాంకులో ఏముందో ఇప్పుడు ఎవరు చూడగలరు? లేచిన విమానాన్ని విష్ణు ఎడమకి తిప్పాడు. చూసినవాళ్లున్నారు. అంత తక్కువ ఎత్తులో తిప్పకూడదట. పైలట్ తప్పు. ఢిల్లీ నుంచి వచ్చే విచారణ వాళ్లకి అది చాలండి."

యెహెజ్కేలు ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, చర్చి సంఘ పెద్ద. ఆయన గొంతు సవరించుకున్నారు. "ఐదు నలభైకి మావాడు సమాధుల తోటలో ఉన్నాడు బాబూ. మూడొందల మంది చూశారు."

రాజ్ కుమార్ నవ్వాడు. "మూడొందల మందీ మీ సంఘం వాళ్లే కదా మాస్టారూ? మీ మాట కాదని ఎవరు నోరు విప్పుతారు? బుల్లియ్య కూడా ఉదయం ఐదున్నరకి జయపాల్ గారు షెడ్డుకి వచ్చారనే చెప్తాడు. నేను మాట్లాడాను."

"మరి విష్ణుగారి పేరు...?" గుమ్మం దగ్గర నుంచి అడిగేసింది హెలెన్.

"పోయినాయనకి పేరు పోతే ఏం నష్టమమ్మా? ఉన్నవాళ్ల సంగతి చూసుకోవాలి. మీ మెర్సీ భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతోంది కదూ?" అని పండ్ల బుట్ట బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

కారు వెళ్లిపోగానే యెహెజ్కేలు కూతురి వైపు తిరిగారు.

"ప్రిస్కిల్లా... నిన్న ఆరాధన లైవ్ పెట్టావు కదూ, సంఘం పేజీలో? అది తీసెయ్యి."

"నాన్నా! అమ్మ సమాధి దగ్గర అన్నయ్య చదివిందంతా అందులోనే..."

"తీసెయ్యమన్నాను!"

ప్రిస్కిల్లా ఏడుస్తూనే ఫోన్ మీద వేలు నొక్కింది. ఆ వీడియోని భీమవరం హాస్టల్లో ఉన్న మెర్సీకి చూపిద్దామని హెలెన్ నిన్ననే తన ఫోన్లో దాచుకుంది. ఆ సంగతి ఎవరికీ తెలీదు. పాఠం చదువుతున్న భర్త ముఖం, పైన మూల ఉదయం ఐదు ముప్పైతొమ్మిది... ఐదు నలభై... ఐదు నలభైఒకటి! భర్త ఆ సమయానికి విమానం దగ్గర లేడని చెప్పే సాక్ష్యం ఇప్పుడు ఆమె చేతిలోనే ఉంది!

* * *

టీవీల్లో పదిరోజులు ఒకటే మాట... పైలట్ తప్పిదం, పైలట్ తప్పిదం! చనిపోయిన కొనుగోలుదార్ల బంధువులు రాజమండ్రిలో విష్ణు ఇంటి ముందుకు వచ్చి గొడవ చేశారని కూడా చూపించారు. హెలెన్ టీవీ కట్టేసేది. కట్టేసినా ఆ మాట చెవుల్లో మోగుతూనే ఉండేది. అన్నం పెడుతుంటే భర్త ప్లేటు వంకే చూసేది, ముఖం వంక చూడలేకపోయేది. ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడటం లేదు. రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన మాత్రం జరుగుతూనే ఉంది... అదే ఆమెను మరీ దహించేది!

పదహారో రోజు మధ్యాహ్నం గేటు ముందు ఆటో ఆగింది. దిగింది ఫణిశ్రీ! వెనకే చిన్నది దుర్గాశ్రీ.

"అక్కా..." అంటూ వచ్చి హెలెన్‌ను చుట్టుకుపోయింది ఫణిశ్రీ. "ఇప్పుడప్పుడే గడప దాటకూడదన్నారు మా అత్తయ్యగారు. ఆగలేక వచ్చేశాను. అపార్టుమెంటులో పిల్లలు దీన్ని ఆటకి రానివ్వడం లేదక్కా! మీ నాన్న ఇద్దర్ని చంపేశాడు అంటున్నారట... ఇది అన్నం మానేసింది!"

దుర్గాశ్రీ ఎవరి వంకా చూడకుండా కుర్చీ అంచు మీద కూర్చుంది. అంత చిన్నపిల్ల అంత నిటారుగా కూర్చోవడం హెలెన్ ఎప్పుడూ చూడలేదు.

లోపలి నుంచి జయపాల్ వచ్చాడు. ఫణిశ్రీ కన్నీళ్లు తుడుచుకుని సూటిగా అతన్ని చూసింది.

"అన్నయ్యగారూ, రన్‌వే పక్క ఊళ్లో రత్తమ్మ అనే ఆవిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆ పూట వాళ్లంతా వాళ్ల ఊరి సమాధుల తోట నుంచి రోడ్డు మీద నడిచి వస్తున్నారట. విమానం వాళ్ల మీదకే దిగుతుంటే ఎడమకి, పొలంలోకి తిప్పేశారట ఆయన. ఆ మాట టీవీ వాళ్లకి చెప్తే, ఇంజిన్ ఆగిందో లేదో నీకేం తెలుసు అని తోసేశారట! మీకు తెలుసు కదా? ఇంజిన్ ఎందుకాగిందో మీకు తెలుసా?"

"నాకు... నేను చూసినప్పుడు బాగానే ఉందమ్మా."

"ఎప్పుడు చూశారు?"

"ఉదయం... ఐదు నలభైకి."

ఫణిశ్రీ గొంతు తగ్గించింది. "ఆయన ఎక్కబోయే ముందు ఆరూ ఐదుకి నాకు ఫోన్ చేశారు. 'రాత్రి వాన పడింది, ఒకసారి అడుగుదామని జయపాల్ గారికి చేశాను, ఎత్తలేదు. సంతకం ఉందిలే, బయల్దేరుతున్నా' అన్నారు. మీరక్కడే ఉంటే... మీకు ఫోన్ ఎందుకు చేస్తారు అన్నయ్యగారూ?"

హెలెన్‌కి గుర్తుంది... ఆరాధనలో భర్త ఫోన్ మోగకుండా పెట్టుకున్నాడు!

"షెడ్డు వెనకాల ఉన్నాను... వినపడలేదు," అన్నాడు జయపాల్.

ఫణిశ్రీ కూతురి చెయ్యి పట్టుకుని లేచింది. "శుక్రవారం రాజమండ్రిలో విచారణట. నేనూ వస్తున్నాను," అని మాత్రం అంది.

ఆటో మలుపు తిరగ్గానే హెలెన్ భర్త ముందు నిలబడింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఎప్పుడూ ఎత్తని గొంతు ఎత్తింది.

"ఆ పిల్లని చూశారా? దాని ముఖం చూసి కూడా ఎలా అన్నారండీ ఆ మాట!"

"నిజం చెప్తే నన్ను జైల్లో పెడతారు హెలెన్! మెర్సీ చదువేం కావాలి? నాన్నగారి పరువేం కావాలి?"

"మిమ్మల్ని రమ్మన్నది నేను. అత్తయ్య మొదటి ఈస్టరు, పెద్దకొడుకు చదవకపోతే సంఘంలో ఏమనుకుంటారు అని మిమ్మల్ని నిలవనివ్వలేదు. నా పాపం నేను మోస్తాను. కానీ చచ్చిపోయిన మనిషి మీద మోపలేనండీ!"

"ఇల్లు కూల్చకమ్మా!" లోపలి నుంచి యెహెజ్కేలు గొంతు కటువుగా వచ్చింది. "అయిపోయినదాన్ని ఎవరూ తిరిగి తేలేరు."

"పోయినవాళ్లని తేలేం మామయ్యగారూ. ఆయన పేరు తేవచ్చు కదా!"

ఆయన తలుపు వేసుకున్నారు.

* * *

శుక్రవారం ఉదయం తొమ్మిది. ఆ ఇంట్లోంచి ఎవరు ప్రయాణమైనా, పరీక్షకైనా, పెళ్లికైనా, పెద్దాయన నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపడం అలవాటు. జయపాల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని తండ్రి ముందుకు వచ్చి తల వంచాడు. వెంట వెళ్లడానికి సిద్ధమై హెలెన్ గుమ్మంలో నిలబడింది.

యెహెజ్కేలు చెయ్యి కొడుకు తల మీద పెట్టారు. "ప్రభువా..." అన్నారు. ఆగారు. మళ్లీ, "ప్రభువా, నా బిడ్డ వెళ్లే పని..." అన్నారు. ఆ మాట పూర్తి చేయలేదు.

"నాన్నా... టైమవుతోంది."

"ఏమని అడగమంటావురా?" పెద్దాయన ఒక్కసారిగా పగిలిపోయారు. "నా బిడ్డ అబద్ధం నెగ్గాలని అడగనా? ఆ పిల్ల తండ్రి దోషి అని అందరూ నమ్మాలని అడగనా? నిన్న రాత్రి నుంచి వెతుకుతున్నాను... నాకొక్క మాట దొరకడం లేదురా!" ఆయన చెయ్యి తీసేసి కుర్చీలో కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "ఆ వీడియో తీసెయ్యమన్నదీ నేనే. నన్ను క్షమించమ్మా హెలెన్!"

జయపాల్ వంచిన తల ఎత్తలేదు. ఆఖరికి భార్య వైపు చెయ్యి చాచాడు.

"ఆ వీడియో నీ దగ్గర ఉంది కదూ?"

హెలెన్ ఉలిక్కిపడింది. "మీకెలా తెలుసు?"

"రోజూ మధ్యాహ్నం నువ్వు పెరట్లో నిలబడి చూస్తున్నది నాకు కనపడదా? ఒక్కరోజైనా దాంతో నన్ను బెదిరిస్తావేమో అనుకున్నాను. బెదిరించలేదు." ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. "పద. నీళ్ల సీసా తెచ్చుకో, ఎండగా ఉంది."

* * *

రాజమండ్రిలో ఒక హోటల్ రెండో అంతస్తులో విచారణ. కింద టీవీ వాళ్లు, పోలీసు జీపు. పైన వరండాలో ఫణిశ్రీ, పక్కన దుర్గాశ్రీ. రాజ్ కుమార్ నవ్వుతూ ఎదురొచ్చి, "ఐదు నలభై. ఆ ఒక్క మాట చాలు. పది నిమిషాల్లో వచ్చేస్తారు," అని జయపాల్ భుజం తట్టాడు. తలుపు మూసుకుంది.

పది నిమిషాలు గడిచాయి. ఇరవై. రాజ్ కుమార్ గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. దారిలో భర్త ఒక్క మాట మాట్లాడలేదు. లోపల అధికారుల ముందు కూర్చున్నాక, మెర్సీ ముఖం గుర్తొచ్చాక, ఆయన మనసు మారితే...? ముప్పై నిమిషాలు... ఫణిశ్రీ కళ్లు తలుపు మీదే ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. బయటికి వచ్చింది జయపాల్ కాదు, విచారణ అధికారి! ఆయన చేతిలో హెలెన్ ఫోన్ ఉంది.

"రాజ్ కుమార్ గారెవరు? మీరు కిందకి వెళ్లకండి. హెలెన్ గారు, మీరు లోపలికి రండమ్మా."

రాజ్ కుమార్ ముఖం చూడాల్సిందే! హెలెన్ లోపలికి వెళ్లి, ఏదీ దాచకుండా చెప్పింది. వారం రోజులు భర్తను పోరింది తనేనని, అది కూడా రాసుకోమని అడిగింది. అధికారి రాసుకున్నాడు.

ఇద్దరూ బయటికి వచ్చేసరికి వెనకే కానిస్టేబుల్ ఉన్నాడు. జయపాల్ నేరుగా ఫణిశ్రీ దగ్గరికి నడిచాడు.

"అమ్మా... శనివారం సాయంత్రం చూసి, ఆదివారం ఉదయం చూశానని రాశాను. వాన నీళ్లు ట్యాంకులోకి దిగాయి. అంతా చెప్పేశాను. నేను..."

"నాకొద్దు!" ఫణిశ్రీ చెయ్యి అడ్డం పెట్టింది. "మిమ్మల్ని క్షమించే ఓపిక నాకు లేదు అన్నయ్యగారూ. రేపైనా వస్తుందో రాదో తెలీదు. నాకేం చెప్పకండి. అదిగో, దానికి చెప్పండి. మీ నోటితో మీరే చెప్పండి!"

జయపాల్ దుర్గాశ్రీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ పొడుగాటి మనిషి తల ఇప్పుడు ఆ పిల్ల తలకి సమంగా ఉంది. హెలెన్ చీరచెంగు నోట్లో కుక్కుకుంది.

"అమ్మా... విమానం పడిపోవడంలో మీ నాన్న తప్పు ఏమీ లేదు. తప్పు నాది. నేను చూడాల్సింది చూడలేదు. చూశానని అబద్ధం రాశాను. మీ నాన్న నన్ను నమ్మి ఎక్కారు."

పిల్ల చాలాసేపు అతన్నే చూసింది.

"మరి ఎందుకు తిప్పారు? తిప్పకూడదట కదా?"

"ఎదురుగా రోడ్డు మీద జనం ఉన్నారమ్మా. ముసలివాళ్లు, చంటిపిల్లలు... వాళ్ల మీద పడకుండా తిప్పారు."

"ఎంతమంది?"

"నలభై మంది దాకా."

"వాళ్లకేం కాలేదా?"

"ఒక్కరికి కూడా ఏం కాలేదు తల్లీ."

దుర్గాశ్రీ లేచి నిలబడింది. "అమ్మా, నలభై మందిట!" అంది. ఫణిశ్రీ ఇన్నాళ్లూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి తెగిపోయింది. వరండా మార్మోగేలా ఏడ్చింది. హెలెన్ వెళ్లి పట్టుకుని, ఆ పూట ఆయన్ని రమ్మని పోరింది తనేనని చెప్పేసింది. ఫణిశ్రీ విదిలించుకోలేదు. ఆమె భుజం మీదే వాలిపోయి, "రమ్మని పిలిచారు, అంతే కదా అక్కా... రాసింది మీరు కాదు కదా..." అని ఎక్కిళ్ల మధ్య ఏదో అంటూనే ఉంది.

కానిస్టేబుల్ వెంట జయపాల్ మెట్లు దిగాడు. వెనక్కి తిరిగి హెలెన్‌ను ఒక్కసారి చూశాడు. ఈస్టరు పొద్దున తర్వాత అతను ఆమె కళ్లలోకి చూడటం అదే మొదలు.

కింద కెమెరాలన్నీ జీపు వైపు తిరిగాయి. ఆ గుంపులోంచి దారి చేసుకుంటూ, ఎవరు పిలిచినా ఆగకుండా, దుర్గాశ్రీ టీవీ ఆయన దగ్గరికి వెళ్లి చొక్కా పట్టుకుని లాగింది.

"అంకుల్... మా నాన్న తిప్పింది నలభై మంది కోసం. రాసుకోండి."